పొడి రాలని బ్రేకు

పళ్ళు తోముకునే బ్రష్షుతో కారు చక్రం ఊచల మధ్య సందులు తోముతున్నాడు జక్రయ్య. తోముతున్నాడే గాని అక్కడ తోమడానికేమీ లేదు. బ్రష్షు తెల్లగా లోపలికి పోయి తెల్లగానే బయటికొస్తోంది. బకెట్లో నీళ్ళు పట్టినవి పట్టినట్టే ఉన్నాయి. మూడు వారాల కిందటి వరకూ ముందు చక్రాలు రెండూ కడగడానికే అరగంట పట్టేది. కడిగేసరికి నీళ్ళు నల్లబడేవి, గోళ్ళ సందుల్లో నలుపు మధ్యాహ్నం అన్నం తినేదాకా ఉండేది. ఇప్పుడు పది నిమిషాల్లో పని అయిపోయింది. అయినా లేవబుద్ధి కాక తోముతూనే ఉన్నాడు.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి, నున్నటి బట్టతల, చెవుల మీద మాత్రం కాసిని తెల్ల వెంట్రుకలు. బనీను తడవకుండా ముందుకి వంగి గొంతుక్కూర్చున్నాడు. తెల్ల చొక్కా షెడ్డు గోడకి మేకున వేలాడుతోంది. పక్కన విడిచిన చెప్పుల్లో ఎడమది కొత్తదానిలా ఉంది, కుడిదాని మడమ మాత్రం గుంటపడి అరిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ మడమ కారు నేల మీద ఆనించి, వేళ్ళతో మాత్రమే బ్రేకు నొక్కే మనిషి. ఆయన జీవితంలో గొప్పతనం ఏదైనా ఉంటే అది ఆ మడమలోనే ఉంది. ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

అది గుంటూరు లక్ష్మీపురంలో, మిర్చి కమీషను వ్యాపారం చేసే లక్ష్మీకాంత్ గారి ఇంటి పక్క రేకుల షెడ్డు. షెడ్డులో రెండు కార్లు. వెండిరంగుది అయ్యగారిది, అది జక్రయ్య తోలుతాడు. తెల్లది అమ్మగారు శివపార్వతి గారిది, దాని డ్రైవరు సిలార్. వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. వాడొచ్చి రెండేళ్ళైంది. జక్రయ్య సుఖంగా నిద్రపోయి కూడా రెండేళ్ళే అయింది.

కారు బ్రేకు నొక్కినప్పుడల్లా లోపల ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి. పట్టుకున్న ప్రతిసారీ ప్యాడు కాస్త అరిగి మసిలాంటి పొడి రాలుతుంది. ఆ పొడి ముందు చక్రాల మీద పేరుకుంటుంది. ఎంత గట్టిగా, ఎన్నిసార్లు బ్రేకు కొడితే చక్రం అంత నల్లబడుతుంది. డ్రైవరు ఎంత చెప్పుకున్నా వాడి కాలు ఎలాంటిదో సాయంత్రానికి చక్రం చెప్పేస్తుంది. ఈ సంగతి లోకంలో ఎవరికీ పట్టదు. లక్ష్మీకాంత్ గారికి పట్టింది.

ఆయనది మిర్చియార్డులో నలిగిన చెయ్యి. కాయల బస్తాని అక్కడ టిక్కీ అంటారు. రోజుకి వంద టిక్కీల్లో చెయ్యి పెట్టి, కాయ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, అది ఏ రకమో, ఎంత తడి ఉందో, ఏ చేలోదో చెప్పేస్తాడు. ఆ అలవాటులోనే సాయంత్రం కారు దిగగానే ముందు చక్రం మీద చూపుడువేలు రాసి, ఆ పొడి బొటనవేలితో రుద్ది చూసేవాడు. "ఇవాళ కాలు మెత్తగా ఉందిరా జక్రయ్యా" అనేవాడు. అంతే మాట. ఆ ఒక్క మాట కోసం జక్రయ్య అరండల్‌పేట రద్దీలోనైనా సరే, ఆటోలు అడ్డమొచ్చినా సరే, బ్రేకు మీద కాలు బరువు పడనిచ్చేవాడు కాదు. ముందే చూసుకుని, ముందే వేగం తగ్గించి, చివర్లో బ్రేకుని ఊరికే తాకేవాడు.

మాట అయ్యాక జక్రయ్య ఒక గుడ్డ అందించేవాడు. పాత పంచె చింపిన మూరెడు ముక్క. అయ్యగారు దాంతో వేలు తుడుచుకుని లోపలికి పోయేవాడు. కార్లు తుడిచే గుడ్డలన్నీ జక్రయ్య రోజూ సబ్బు పెట్టి ఉతికేవాడు గాని, ఈ ఒక్కటీ ఉతికేవాడు కాదు. దాని మీద వరసగా వేలి మరకలు పడుతుండేవి. లేత మరకలు. ఎంత లేతగా ఉంటే అంత సంతోషం. క్రిస్మస్ నాటికి గుడ్డ నిండిపోయేది. నిండినదాన్ని మడిచి ఇంటికి తీసుకుపోయి ట్రంకుపెట్టెలో దాచి, జనవరికి కొత్త ముక్క తెచ్చుకునేవాడు.

"ఏవయ్యా, ఈ మసిగుడ్డలు నా చీరల మధ్య ఏంటయ్యా? ఎవరన్నా చూస్తే చేతబడనుకుంటారు" అని సంతోషకుమారి ఏటా గొడవపెట్టుకునేది. ఆవిడ ఆయన భార్య. చర్చిలో పాటలు పాడుతుంది, ఇంట్లో కేకలేస్తుంది.

"నీకు తెలియదులే కుమారీ, ఊరుకో" అనేవాడు ఆయన. నిజంగానే ఆవిడకి తెలియదు.

ఈ ఏడాది గుడ్డ మీద ఒక మూల ఒకే ఒక్క కటిక నల్లటి మరక ఉంది. అది సిలార్ కారుది. ఫిబ్రవరిలో ఒకరోజు అయ్యగారు తెల్లకారు దిగి, దాని చక్రం మీద వేలు రాసి, "ఒరేయ్, ఇది కారా, బొగ్గుల బస్తానా?" అన్నాడు. సిలార్ నవ్వేశాడు. జక్రయ్య ఎక్కణ్ణించి పరిగెత్తుకొచ్చాడో గాని గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మరి వాడిది గ్రానైటు కాలు. మార్టూరులో బండరాళ్ళు మోసే లారీ నాలుగేళ్ళు తోలినవాడు. అంత బరువుతో లారీ ఆగాలంటే బ్రేకు మీద నిలబడాల్సిందే. కారెక్కినా వాడి కాలు లారీ మీదే ఉండేది. జక్రయ్యకి అదే ధైర్యం. వాడికి ఒత్తైన జుట్టుంది, సెల్‌ఫోను నొక్కడం తెలుసు, అమ్మగారితో నవ్వుతూ మాట్లాడ్డం తెలుసు, తనని ప్రేమగా "బాబాయ్" అని పిలవడమూ తెలుసు. అన్నీ ఉన్నాయి వెధవకి. కాలు మాత్రం లేదు.

ఆ ధైర్యం ఉగాది నాడు పోయింది. అమ్మగారు గుడికని మంగళగిరి చీర కట్టుకుని కారెక్కుతుంటే, కుచ్చెళ్ళ అంచు చక్రానికి తగిలి నల్లబడింది. ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు. ఆవిడ గొడవ చేస్తుంటే సిలార్ చేతులు కట్టుకుని, "అమ్మగారూ, పొడి రాలని ప్యాడ్లొస్తున్నాయంటండి. బెజవాడలో దొరుకుతున్నాయి. అవేస్తే చక్రం తెల్లగానే ఉంటదండి" అన్నాడు. లక్ష్మీకాంత్ గారు పేపరులోంచి తలెత్తకుండా, "ఒకదానికెందుకు, రెంటికీ వేయించెయ్" అన్నాడు.

యార్డు ఎదురుగా అల్లాబక్షు మెకానిక్ షెడ్డుంది. జక్రయ్యా అల్లాబక్షూ ఒక ఈడువాళ్ళు. పాత ప్యాడ్లు ఊడదీసి అల్లాబక్షు అరచేతిలో పెట్టి చూపించాడు. "ఒరేయ్ జక్రయ్యా, నీవి సగం కూడా అరగలేదురా. ఇంకో రెండేళ్ళు నడిచేవి. ఎందుకురా మార్చడం?" అన్నాడు. సిలార్ ప్యాడ్లు రేకు తేలి ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి జక్రయ్య చాలాసేపు నిలబడ్డాడు, ఎవరైనా చూస్తారేమోనని. సిలార్ సెల్‌ఫోనులో మాట్లాడుతున్నాడు.

ఆ సాయంత్రం అయ్యగారు కారు దిగాడు. వంగి, వేలు రాశాడు. వేలు చూసుకున్నాడు. ఏమీ లేదు. నడిచి వెళ్ళి తెల్లకారు చక్రం మీద రాశాడు. అక్కడా ఏమీ లేదు. "బాగున్నాయిరా. రెండూ ఒకటే" అని లోపలికి వెళ్ళిపోయాడు. జక్రయ్య చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ ఇంతవరకూ ఆయన వేలు చక్రం మీదికి పోలేదు.

రెండూ ఒకటే! తనూ సిలారూ ఒకటే! వాడు కసిక్కున తొక్కినా చక్రం తెల్లగానే ఉంటుంది, తను ప్రాణం ఉగ్గబట్టుకుని తాకినా తెల్లగానే ఉంటుంది. ఈర్ష్య అంటే ఏమిటో ఆ వయసులో తెలిసొచ్చింది జక్రయ్యకి. అది కడుపులో మంటగా మొదలై కంటిదాకా వచ్చేది. పైగా ఈ శుక్రవారం పెద్దకారు దిగుతోంది. నల్లటిది, ఏడుగురు కూర్చునేది. దాని తాళం ఎవరి చేతికిస్తారో అయ్యగారు ఇంకా చెప్పలేదు. "చూద్దాం" అన్నాడు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ "చూద్దాం" ఏమిటో జక్రయ్యకి బోధపడలేదు.

అందుకే నూనె మొదలుపెట్టాడు.

ప్యాడ్లు మార్చిన నాలుగో రోజున, ఇంట్లో కొబ్బరినూనె సీసా తన సంచిలో పెట్టుకుంటుంటే సంతోషకుమారి చూసింది. "బట్టతలకి నూనెందుకయ్యా?" అంది. షెడ్డులో వేలికొసన రెండు చుక్కలు తీసుకుని ఊచలకి రాసి గుడ్డతో రుద్దితే చక్రం తళతళలాడింది. అమ్మగారు చూసి, "జక్రయ్యా, భలే మెరుస్తున్నాయే" అంది. ఆ మాట అయ్యగారు అనుంటే బాగుండును. మర్నాడు సిలార్ తడిపిన న్యూస్‌పేపరుతో తన చక్రాలు రుద్దాడు. అవీ తళతళలాడాయి. జక్రయ్య నూనె పెంచాడు.

బ్రేకు దగ్గర నూనె తగలకూడదని ముప్పై ఏళ్ళ డ్రైవరుకి తెలియదా? తెలుసు. రెండు చుక్కలు రాసిన రోజున ఏమీ కాలేదు. నాలుగు చుక్కలప్పుడూ ఏమీ కాలేదు. డిస్కుకి తగలకుండా రాస్తున్నాను గదా అనుకున్నాడు. ఈ బుధవారం ఉదయం ఊచలతో ఆగక, ఊచల సందుల్లోంచి కనిపించే రిమ్ము లోపలి పక్కకి కూడా పూశాడు. అరచేతిలో ఒంపుకుని మరీ పూశాడు. సిలార్ పేపరు అక్కడిదాకా పోదు మరి.

"బాబాయ్, టీ తెచ్చా" అన్నాడు సిలార్ వెనకనుంచి, రెండు గ్లాసులతో.

జక్రయ్య సీసాని చప్పున బకెట్టు వెనక్కి నెట్టాడు. "అక్కడ పెట్టు."

"చల్లారిపోద్ది బాబాయ్."

"చల్లారనీ. నీకేంటి?"

సిలార్ గ్లాసు పెట్టి, తెల్లకారు దగ్గరికి పోయి కూనిరాగం తీసుకుంటూ అద్దాలు తుడవసాగాడు. వాడికి కోపం రాదు. అదొకటి మళ్ళీ.

తొమ్మిదింటికి లక్ష్మీకాంత్ గారు వెనక సీట్లో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చంకలో సంచి. కారు లక్ష్మీపురం దాటి చిలకలూరిపేట రోడ్డెక్కింది. ఏప్రిల్ ఎండ అప్పటికే అద్దం మీద మండుతోంది. యార్డు ఇంకా కిలోమీటరు ఉందనగానే ఘాటు ముక్కుకి తగిలింది. కొత్తవాళ్ళు దగ్గుతారు. జక్రయ్యకి ఆ ఘాటు లేకపోతే ఊపిరాడదు.

పుట్టిందే మిరపచేల మధ్య. మార్టూరు పక్క పల్లెలో వాళ్ళమ్మ కాయకోత కూలి. ఇరవై ఏళ్ళప్పుడు జక్రయ్య ఆసామి ట్రాక్టరు తోలేవాడు. కోత అయ్యాక టిక్కీలు ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కులో వేసి, పైన కోత కూలీలు ఎక్కి కూర్చునేవారు. ఒక సాయంత్రం గేదె అడ్డమొచ్చింది. బ్రేకు మీద ఎక్కి తొక్కాడు. గేదె బతికింది. పైనుంచి ఒకే ఒక్క మనిషి కింద పడింది, అది వాళ్ళమ్మే. తుంటి విరిగింది. మళ్ళీ చేలో దిగలేదు. కొడుకుని ఒక్క మాట అన్లేదు గాని, ఒకరోజు మంచంలోంచి, "నీ కాలు బరువురా నాయనా" అంది. అప్పట్నించీ ఆయన కాలు తేలికైంది. ఆ తేలికదనాన్ని చూసి మాట అన్న మనిషి ఇన్నేళ్ళలో లక్ష్మీకాంత్ గారొక్కడే.

యార్డులో కొట్టు ముందు కారాపాడు. నీడలేదు. అయ్యగారు వేలంపాటకెళ్ళాడు. జక్రయ్య వేపపుల్ల నములుతూ దూరంగా రేకుల కింద కూర్చుని కారునే చూస్తున్నాడు. చక్రాలు ఎండలో మెరుస్తున్నాయి. ముఠా కూలీలు టిక్కీలు మోసుకుపోతూ అటు చూడకుండానే దాటిపోతున్నారు. చూడరెందుకు, అనుకున్నాడు. ఎండకి పలచబడ్డ నూనె రిమ్ము లోపలినుంచి చుక్కచుక్కగా ఎక్కడికి జారుతోందో ఆయన చూడలేదు.

రెండున్నరకి అయ్యగారు వచ్చి కోల్డ్ స్టోరేజీకి పొమ్మన్నాడు. యార్డు గేటు దగ్గర లారీలు వరసకట్టి ఉన్నాయి. వాటి మధ్యనుంచి పీరు అనే ముఠాకూలి ఆరు టిక్కీల బండి తోసుకుంటూ అడ్డమొచ్చాడు. జక్రయ్య ఎప్పటిలాగే ముందే చూశాడు. ఎప్పటిలాగే మడమ ఆనించి వేళ్ళతో తాకాడు.

కారు ఆగలేదు.

ఇంకాస్త నొక్కాడు. పెడలు గట్టిగానే ఉంది గాని కారు మాత్రం ఏమీ ఎరగనట్టు ముందుకి పోతోంది. ముప్పై ఏళ్ళ తరవాత మొదటిసారి బ్రేకు మీద ఎక్కి తొక్కాడు. చేతిబ్రేకు లాగాడు. "పీరూ!" అని కేకేశాడు. పీరు బండి వదిలి పక్కకి దూకాడు. కారు నెమ్మదిగానే వెళ్ళి బండిని గుద్దింది. పై టిక్కీ జారి బానెట్టు మీద పడి పగిలింది. ఎర్రటి కాయలు అద్దం నిండా కురిశాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఖళ్ళుఖళ్ళున దగ్గుతూ తుమ్ముతూ మూగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పీరు మాత్రం, "ఏం మావా, చంపేత్తావా?" అన్నాడు. ఆ మాటకి జక్రయ్యకి వాళ్ళమ్మ మంచం గుర్తొచ్చింది.

లక్ష్మీకాంత్ గారు పీరు భుజం తట్టి, టిక్కీ తన లెక్కలో వేసుకోమని గుమాస్తాకి చెప్పి, ఫోను తీసి సిలార్‌ని రమ్మన్నాడు. జక్రయ్య కారుని చేతిబ్రేకు మీద నడకలా నడిపించుకుంటూ అల్లాబక్షు షెడ్డుకి చేర్చాడు.

అల్లాబక్షు చక్రం విప్పాడు. విప్పగానే వేడెక్కిన కొబ్బరినూనె వాసన షెడ్డంతా కమ్మింది. "ఒరేయ్, ఇది బ్రేకా, తాలింపా?" అంటూ ప్యాడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జక్రయ్య మొహం చూశాడు. అర్థమైపోయింది. అప్పుడే తెల్లకారు దిగిన సిలార్ కూడా వంగి వాసన చూశాడు. పొద్దున బకెట్టు వెనకున్న సీసా వాడికీ గుర్తొచ్చినట్టుంది. తెల్లకారు ఎక్కబోయిన లక్ష్మీకాంత్ గారు వెనక్కి తిరిగి వస్తుంటే, సిలార్ లేచి షెడ్డు బయటే ఎదురెళ్ళాడు.

"ఏమైందిరా?"

"ప్యాడ్లేనండి" అన్నాడు సిలార్. "కొత్తరకం కదండి. ఒక్కో జత అట్టా పట్టవంటండి. బాబాయ్ తప్పేం లేదండి. ఇవి వేయించమని నేను చెప్పకుండా ఉండాల్సిందండి."

అల్లాబక్షు చేతిలో ప్యాడుని గుడ్డ కింద పెట్టేశాడు. "అంతేనండి, కొత్తరకం" అని గొణిగి పాత సామాన్ల డబ్బాలో చెయ్యిపెట్టాడు. జక్రయ్య పాత ప్యాడ్లు అందులోనే ఉన్నాయి. పారెయ్యబుద్ధి కాక దాచాడట. డిస్కు పెట్రోలుతో కడిగి, ఆ పాతవే బిగించాడు. రిమ్ముని పైపైన గుడ్డతో తుడిచి వదిలేశాడు.

లక్ష్మీకాంత్ గారు సిలార్ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు చూసి జక్రయ్య గుండె ఎగిరింది. ఎగరకూడదని తెలుసు, అయినా ఎగిరింది.

సాయంత్రం ఆరింటికి వెండికారు ఇంటికి చేరింది. దారంతా బ్రేకు మునపటిలా పట్టింది, మునపటిలాగే తాకీ తాకనట్టు తాకాడు జక్రయ్య. సిలార్ అప్పటికే వచ్చి తెల్లకారు తుడుస్తున్నాడు. అయ్యగారు దిగాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, వంగి, చక్రం మీద చూపుడువేలు రాశాడు.

మూడు వారాల తరవాత! జక్రయ్య ఒక్క ఉరుకున మేకు దగ్గరికెళ్ళి గుడ్డ తెచ్చాడు.

"పాతవే నయంరా" అన్నాడు లక్ష్మీకాంత్ గారు, వేలు చూసుకోకుండానే. "కుర్రాడి మాట విని మనిషిని చంపబోయాం. శుక్రవారం పెద్దకారు నువ్వే తీసుకో. వీణ్ణి నెలాఖరుకి మార్టూరు పంపించేస్తా, రాళ్ళే మోసుకుంటాడు."

ఇంకేం కావాలి? తాళం తనది. వేలు తనది. పాత ప్యాడ్లు మళ్ళీ తనవి. సిలార్ లేకుండా పోతున్నాడు. నోరు మూసుకుని నిలబడితే చాలు. జక్రయ్య సిలార్ వైపు చూశాడు. వాడు అంతా విన్నాడు. తల వంచుకుని అద్దం తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. నూనె సంగతి ఒక్క మాట అంటే వాడు గట్టెక్కుతాడు, ఆ మాట అనడంలేదు.

అప్పుడు వచ్చింది జక్రయ్యకి అసలైన మంట. ఇన్నాళ్ళూ పడ్డది దీని ముందు ఏపాటిది? జుట్టు వాడిది, మాట వాడిది, అమ్మగారి నవ్వు వాడిది. ఇప్పుడు పెద్దమనసు కూడా వాడిదేనా! రాళ్ళు మోయడానికి పోతూ కూడా తనకంటే పెద్దవాడై పోతాడా? తను పెద్దకారు తోలినన్నాళ్ళూ వీడు పెట్టిన భిక్షమే తోలాలా?

"ఇదేంట్రా, జిడ్డుగా ఉంది?" అన్నాడు లక్ష్మీకాంత్ గారు, వేళ్ళు రుద్దుకుంటూ.

గ్రీజండి అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కొబ్బరినూనండి" అన్నాడు జక్రయ్య. "నేనే పూశానండి. అందుకే బ్రేకు పట్టలేదండి. ప్యాడ్లు బానే ఉన్నాయి. ఆడు అబద్ధం చెప్పాడండి."

సిలార్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"చక్రానికి నూనె పూశావా? నువ్వా? ఎందుకురా?"

"రెండు బళ్ళూ ఒకేలా ఉంటున్నాయండి."

"ఉంటే?"

జక్రయ్య చేతిలో గుడ్డ మడత విప్పాడు. "తమరు వేలుపెట్టి చూడ్డం మానేశారండి" అన్నాడు.

లక్ష్మీకాంత్ గారు తన వేలికేసి చూసుకున్నాడు. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. తరవాత కాస్త నవ్వొచ్చింది. "వేలా? ఓరి పిచ్చివాడా, అదేదో అలవాటురా. టిక్కీల్లో చెయ్యి పెట్టి పెట్టి, ఏది కనపడితే అది రుద్దుతాను. ఇంట్లో కిటికీ రుద్దుతానని మీ అమ్మగారు రోజూ తిడుతుంది. నీ చక్రంలో నేనేం చూశాను?"

"కాలు మెత్తగా ఉంది అనేవారండి."

"అన్నానా?" అన్నాడు ఆయన. "అనుంటాను."

జక్రయ్య గుడ్డ చాచాడు. ఆయన వేలు తుడుచుకున్నాడు. "సరేలే. పొద్దున్నే రా, మాట్లాడదాం. ఆ నూనె అంతా కడిగెయ్" అని లోపలికి వెళ్ళిపోయాడు. కోపంగా కూడా వెళ్ళలేదు. అదే పెద్ద దెబ్బ.

జక్రయ్య నీళ్ళు పట్టుకుని, సబ్బు పెట్టి, నాలుగు చక్రాలూ జిడ్డు పోయేదాకా కడిగాడు. తాళాన్ని మేకుకి తగిలించాడు. పక్క మేకుకి గుడ్డ తగిలించాడు. చొక్కా వేసుకుని సైకిలు తీశాడు.

"ఎందుకు చెప్పావు బాబాయ్?" అన్నాడు సిలార్ దగ్గరికొచ్చి. "నేను కుర్రోణ్ణి, ఏడైనా బతుకుతాను. నువ్వెక్కడికి పోతావ్?"

"నువ్వు మాట్టాడమాక" అన్నాడు జక్రయ్య. పోతూ పోతూ కూడా తెల్లకారు ముందు చక్రం వైపు ఒక చూపు చూశాడు. మచ్చ లేకుండా ఉంది. మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు రాలేదు. గురువారం మధ్యాహ్నం అమ్మగారు మనిషిని పంపితే, సంతోషకుమారి గుమ్మంలో నిలబడి, "మార్టూరు పోయాడయ్యా. వాళ్ళక్క కొడుకు ట్రాక్టరు తోలడానికి. కాయకోతోళ్ళని తీసుకెళ్ళి తీసుకురావాలంట. ఇంక ఈ ఊరు రానన్నాడు" అని చెప్పింది. ట్రంకుపెట్టెలో మసిగుడ్డలన్నీ తీసి తనే ఉతికేశాడనీ, ఎంత ఉతికినా వదల్లేదనీ కూడా చెప్పింది గాని, ఆ కబురు తెచ్చినవాడికి అది ముఖ్యమనిపించక అక్కడే వదిలేశాడు. సాయంత్రాలు మార్టూరు దారిలో ఆ ట్రాక్టరు వస్తుంటే, టిక్కీల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతుంటారని తరవాతెప్పుడో పీరు చెప్పాడు.

శుక్రవారం పెద్దకారు దిగింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తాళం సిలార్ చేతికిచ్చారు. వాడు దాన్ని షెడ్డులోకి తెచ్చి, చేతులు తుడుచుకోడానికని అలవాటుగా మేకుమీది గుడ్డ అందుకోబోయి, ఆగి, జేబులోంచి తన రుమాలు తీసుకున్నాడు. అప్పట్నించీ రోజూ అంతే. దాన్ని ఉతకనూ ఉతకడు, తియ్యనూ తియ్యడు. మేకుకి ఆ పంచెముక్క అలాగే ఉంది: మూడు వరసల లేత వేలిమరకలు, ఒక మూల కటిక నల్లటిది ఒకటి, తరవాత చాలా మేర తెల్లటి ఖాళీ, ఆ ఖాళీ మధ్యన రోజుకింత పాకుతున్న నూనె మరక.